కప్పలక్క చేతులు

ఆ సోమవారం కప్పలక్క పనిలోకి వచ్చేసరికి ఎనిమిదిన్నర దాటింది. సోమవారం జూకి సెలవు. చూడడానికి జనం రారు కాబట్టి తూకాలూ మందులూ అన్నీ ఆ రోజే పెట్టుకుంటారు. ఎనిమిదికల్లా ఆమె కప్పల గదిలో ఉండాలి. ఎండెక్కితే గది వెచ్చబడుతుంది, వెచ్చబడితే అవి ఒక పట్టాన చేతికి చిక్కవు.

"ఏంటక్కా, ఇవాళ నీకంటే ముందు సూర్యుడొచ్చాడు," అన్నాడు ట్యాంకు, గుమ్మం దగ్గర బకెట్టు దించుతూ. పాముల విభాగంలో తొట్లూ పైపులూ ఫిల్టర్లూ చూసే మనిషి అతను. ఒంటి మీద పిడికెడు కండ లేకపోయినా ఆ పేరే స్థిరపడిపోయింది.

"మా ఆయన భుజం పట్టేసింది. చెయ్యి లేవడం లేదు. చొక్కా కూడా నేనే తొడగాల్సొచ్చింది."

"బావగారు అదృష్టవంతుడు. మా ఇంట్లో అయితే చొక్కా లేకుండానే పొమ్మంటుంది."

"కబుర్లు చాలు గాని నీళ్ళక్కడ పెట్టి వెళ్ళు తమ్ముడూ. తలుపు తియ్యాలి."

కప్పల గదిలోకి ఒక్కరే వెళ్ళాలి. ఇద్దరు వెళ్తే రెండు జతల చెప్పుల మట్టి, రెండు రకాల రోగాలు. ఆ రూలు పెట్టింది కప్పలక్కే. తొట్టిలో తొమ్మిది చెట్టు కప్పలున్నాయి. ఒక్కోటి బొటనవేలి మొదటి కణుపంత. వాటి అమ్మానాన్నల్ని ఎండిపోతున్న కుంటలోంచి ఎత్తుకొచ్చారు. ఎక్కడా గుడ్లు పెట్టని జాతి అని అందరూ చేతులెత్తేస్తే, రెండేళ్ళపాటు గదిలో వాన కురిపించి, ఆపి, మళ్ళీ కురిపించి కప్పలక్క వాటి చేత పెట్టించింది. అప్పటి నుంచే ఆమెకా పేరు. అంతకు ముందు ఇరవై ఏళ్ళు పాములమ్మ.

అలమరలో గ్లౌజుల డబ్బా ఉంది. పొడి లేనివి, తడిపి తొడుక్కోవాలి. ఒకటి తొడుగుతుంటే మణికట్టు దగ్గర చిరిగింది. ఇంకో జత తీస్తే పెద్దవి, వేళ్ళ చివర సంచుల్లా వేలాడాయి. అలాంటి వేళ్ళతో అంత చిన్న ప్రాణిని పట్టుకుంటే ఎంత నొక్కుతున్నామో తెలియదు. తీసి పక్కన పడేసింది. ఇంటి దగ్గర సబ్బుతో కడుక్కునే వచ్చింది. మళ్ళీ పంపు కింద రెండు చేతులూ ఆడించి, బకెట్టులో ముంచి తీసింది. చాలనుకుంది.

చెయ్యి వెనక నుంచి తీసుకొచ్చి గిన్నెలా బోర్లించాలి. కప్ప తల ఎత్తకముందే వెనక కాళ్ళ పైన, నడుం దగ్గర రెండు వేళ్ళు చేరాలి. లాగకూడదు, దాన్నే ఎక్కనివ్వాలి. మొదటిది ఆమె అరచేతి మీదకి ఎక్కి, ఇల్లు మారిన మనిషిలా అటూ ఇటూ చూసింది. తడి కాగితం పరిచిన డబ్బాలో పెట్టి, మూత వేసి, తూచి, వీపు మీది చుక్కలు రిజిస్టరులోని బొమ్మతో సరిచూసి బరువూ వరస అంకే రాసింది. ఒకటి. చేతులు మళ్ళీ బకెట్టులో ముంచి తీసి, రెండు. ఏడోది జారిపోయి అద్దం మీద అతుక్కుంటే నవ్వుకుంటూ దాంతో కాసేపు మాట్లాడింది. పదకొండుకల్లా తూకం అయిపోయింది. తొమ్మిదీ బరువు పెరిగాయి.

*

మంగళవారం పొద్దున తొట్టి ముందు నిలబడి ఆమె లైటు వెయ్యడానికి చెయ్యెత్తి ఆగిపోయింది. పగలు కప్పలు ఆకుల కింద కాళ్ళు ముడుచుకుని ఉంటాయి. ఒకటి తొట్టి అడుగున వెల్లకిలా ఉంది, కాళ్ళు చాచేసి. దాని పక్కనే ఇంకోటి. నీళ్ళ పళ్ళెంలో మరో రెండు. వాటి వీపులు పచ్చగా లేవు, ఎండిన ఆకు రంగులోకి వచ్చాయి.

డాక్టరమ్మ పరిగెత్తుకొచ్చింది. వయసులో కప్పలక్క కూతురంత ఉంటుంది, కాని పనిలోకి దిగితే ఎవరూ ఎదురు చెప్పరు. బతికున్న అయిదింటినీ వేరే తొట్టిలోకి మార్చింది. వాటి మీద గంటసేపు శుభ్రమైన నీళ్ళు తుంపర్లుగా పోయించింది. చచ్చిపోయిన నాలుగింటినీ తెల్లటి పళ్ళెంలో వరసగా పెట్టి భూతద్దంతో చూసింది.

"రోగం కాదు. ఒక్క రాత్రిలో ఇలా పోవు. చర్మంలోంచి ఏదో వెళ్ళింది," అంది. "కప్పకి ఏది తగిలినా తాగినట్టే కదా. నీళ్ళలో మందు మిగిలుండాలి, లేకపోతే చేతులకి ఏదైనా. అక్కా, నిన్న తూచింది మీరేగా. గ్లౌజులు వేసుకున్నారా?"

"వేసుకున్నాను," అంది కప్పలక్క.

ఆ మాట ఆమె ఆలోచించి అన్నది కాదు. ఊరివాళ్ళు బాగున్నావా అంటే బాగున్నాననేసినట్టు, నోట్లోంచి వచ్చేసింది. డాక్టరమ్మ తల కూడా ఎత్తలేదు. ఆ మాటను అనుమానించడానికి ఆమెకి కారణమేమీ లేదు.

"అయితే నీళ్ళే," అంది డాక్టరమ్మ. "ట్యాంకుని పిలవండి."

పంపు నీళ్ళలో క్రిములు చావడానికి మందు కలుపుతారు. డ్రమ్ములో పట్టి ఒక రాత్రంతా మూత వదులుగా పెట్టి నిలవుంచితే గాని ఆ మందు పోదు. అప్పటిదాకా కప్పలకి వాడకూడదు. ట్యాంకు వచ్చి పళ్ళెం వైపు చూసి, చూపు తిప్పుకుని, మళ్ళీ చూశాడు.

"ఈ నీళ్ళు ఎప్పుడు పట్టావు?"

"ఆదివారం డాక్టరుగారూ. మధ్యాహ్నం."

"గ్యారంటీగా?"

ట్యాంకు వేళ్ళు మడిచి లెక్కేసుకున్నాడు. "ఆదివారమే అనుకుంటున్నాను."

"అనుకుంటున్నావా?"

అప్పుడు కప్పలక్క చెమట తుడుచుకోవడానికి చెయ్యి మొహం దగ్గరకి తెచ్చింది. గోళ్ళ సందుల్లోంచి కర్పూరం వాసన, దాని వెనక ఘాటుగా ఇంకేదో. భర్త భుజానికి నిన్న పొద్దున అరగంటసేపు రుద్దిన నొప్పుల మందు అది. మళ్ళీ ఈ పొద్దున కూడా రాసింది. సబ్బుతో కడిగాకే ఇంత ఉంటే నిన్న ఎంత ఉండి ఉంటుందో. ఆ చెయ్యి దించి చీర కొంగులో చుట్టుకుంది.

గది ఖాళీ అయ్యాక రిజిస్టరు తీసి, పళ్ళెంలోని వీపుల మీది చుక్కల్ని ఒక్కొక్కటే బొమ్మలతో సరిచూసింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఆమె చేతిలోకి ముందుగా ఎక్కిన నాలుగు. వాటి ఒంటికి అంటాల్సింది అంటిపోయాక, కడిగి కడిగి పలచబడిన చేతుల్లోకి వచ్చినవి మిగిలిన అయిదు. నీళ్ళదే తప్పయితే అవి ఇలా వరసలో పోవు.

ఆమె రిజిస్టరు మూసి అలమరలో అన్నిటికంటే కింద పెట్టింది.

*

బుధవారం ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ట్యాంకుని విచారణ అయ్యేదాకా కప్పల గది పరిసరాల్లోకి రావద్దన్నారు, పక్షుల బోనులు కడిగే పనిలోకి మార్చారు. అతను తొమ్మిదేళ్ళుగా టెంపరరీ. ఈ నెలలో పర్మనెంటు చేసేవాళ్ళ జాబితా పైకి వెళ్తుందని, అందులో తన పేరుందని, పోయిన వారమే మిఠాయి పంచినంత సంబరంగా అందరికీ చెప్పుకున్నాడు. జాబితా సంగతి ఇప్పుడు ఎవరూ ఎత్తలేదు.

మధ్యాహ్నం అన్నాల వేళ అతను కప్పలక్కని వెతుక్కుంటూ వచ్చాడు. గోడ పక్క మెట్టు మీద ఆమెకి రెండు మెట్లు కింద కూర్చున్నాడు. డబ్బా తెచ్చుకున్నాడు గాని మూత తియ్యలేదు.

"అక్కా, నాకు ఒక సంగతి చెప్పు. నేను ఆదివారం నీళ్ళు పట్టానా, సోమవారం పొద్దున పట్టానా?"

ఆమె నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది.

"నా బుర్రలో ఆదివారం పట్టినట్టే ఉంది. పైపు డ్రమ్ములో వేసి బీడీ కాల్చుకోవడానికి వెళ్ళొచ్చాను. కాని అది ఈ ఆదివారమా, ముందు ఆదివారమా? రోజూ చేసేదే కదా, ఒకదాని మీద ఒకటి పడిపోతున్నాయి. నిన్న పడుకుని లెక్కేసుకుంటే సోమవారం పొద్దున పట్టినట్టు కూడా కనిపించింది. చేతిలో పైపు కూడా కనిపించింది. మా ఆవిడ గ్యాస్ కట్టేశావా అంటే కట్టేశాననుకుంటాను, వెళ్ళి చూస్తే వెలుగుతుంటుంది. అలాంటి మనిషినే నేను. నువ్వు ఆదివారం డ్యూటీలో ఉన్నావుగా. చూశావా?"

చూసింది. మూడు గంటలకి అతను పైపు వదిలేసి వెళ్ళి తిరిగొచ్చాక, డ్రమ్ములో ఆకులు పడుతున్నాయి మూత పెట్టు తమ్ముడూ అని తనే అరిచింది.

"గుర్తులేదురా," అంది.

ట్యాంకు తలూపాడు. "నీకే గుర్తులేకపోతే ఇంకెవరికుంటుంది," అన్నాడు. డబ్బా అటూ ఇటూ తిప్పుతూ మళ్ళీ అన్నాడు. "నాలుగు పోయాయి. రెండేళ్ళు పట్టింది కదా నీకు. నిన్ను చూడాలంటే మొహం చెల్లడం లేదక్కా."

తినకుండానే డబ్బా పట్టుకుని వెళ్ళిపోయాడు. ఆమె మింగలేక, ఉమ్మలేక, ఆ ముద్దతో చాలాసేపు కూర్చుంది.

సాయంత్రం కొండచిలువ నోరు కడగాలి. చిగుళ్ళకి చీము పట్టింది. ఈ పనికి అందరూ కప్పలక్క కోసం ఆగుతారు. కొక్కెం కర్రతో మెడ వెనక నెమ్మదిగా ఆపి, దవడల వెనక బొటనవేలూ మధ్యవేలూ, నడినెత్తిన చూపుడువేలూ పెట్టి తల పట్టేస్తుంది. మిగిలిన ఒంటిని ముగ్గురు మోస్తారు. బిగించి పట్టుకుంటే పాము భయపడుతుంది, వదులుగా పట్టుకుంటే మనం భయపడాలి, రెంటికీ మధ్యన పట్టుకోవాలని కొత్తవాళ్ళకి చెబుతుంది. పాము తల ఆమె చేతిలో ఉంటే డాక్టరమ్మ చూడకుండానే వేలు దాని నోట్లో పెడుతుంది.

ఆ రోజు కప్పలక్క పంజరం ముందు ఆగి, "గ్లౌజులు ఇటివ్వండి," అంది.

తోక పట్టుకున్న కీపరు నవ్వాడు. "పామునీ గ్లౌజునీ ఒకేసారి పట్టుకోలేనని మమ్మల్ని ఎగతాళి చేసేదానివి కదక్కా. ఏమైంది?"

ఆమె గ్లౌజులు తొడుక్కుంది. తల పట్టుకుంది. వేళ్ళు సరైన చోటే ఉన్నాయి గాని వాటిలో సన్నటి వణుకు. పాముకి అది తెలిసి మెడ బిగించింది. డాక్టరమ్మ దూది చీముకి అద్దబోతూ ఆగి, ఆ వేళ్ళ వైపు, తరవాత కప్పలక్క మొహం వైపు చూసింది. చూసి పని ముగించింది.

*

"ఇవాళ నువ్వే రాసుకో," అంది ఆ సాయంత్రం భర్తతో, మందు సీసా అతని ముందు పెట్టి.

"చెయ్యి వెనక్కి పోతే నిన్నెందుకు బతిమాలతాను?" ముప్పై ఏళ్ళు బస్సు తోలిన మనిషి. స్టీరింగు తిప్పిన భుజమే ఇప్పుడు అతన్ని తిప్పుతోంది. చొక్కా సగం విప్పి కూర్చుని ఉన్నాడు.

ఆమె కింద కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పింది. గ్లౌజు చిరగడం దగ్గర నుంచి మెట్ల మీద ట్యాంకు అడిగింది దాకా. అతను వింటూ వింటూ చొక్కా పైకి లాక్కున్నాడు.

"అంటే నా భుజం వల్ల వచ్చిందా ఇదంతా?"

"నీ భుజం వల్ల కాదు. నా పొగరు వల్ల."

"పోనీ, ఆ గ్లౌజుల మాట తొందరలో వచ్చేసింది. మనిషన్నాక వస్తుంది."

"అది తొందరలో వచ్చింది. గుర్తులేదన్నది తొందరలో అనలేదు. వాడు అడుగుతుండగా ఆలోచించుకునే అన్నాను."

భర్త సీసా మూత బిగించి, "ఆఫీసరు గారికి చెప్పెయ్. తిడతాడు, అంతేగా," అన్నాడు.

*

ఆఫీసరు గారు తిట్టలేదు. గురువారం పదకొండింటికి ఆమె చెప్పిందంతా విన్నాడు. ఆమె తెచ్చిన రిజిస్టరు తెరిచి, మొదటి నాలుగు అంకెలూ చూసి, మూసి, ఆమె వైపే జరిపాడు.

"ఇదంతా ఎందుకమ్మా ఇప్పుడు? నీళ్ళ లోపం అని రిపోర్టు పైకి వెళ్ళిపోయింది."

"తప్పు రిపోర్టు సార్."

"నువ్వు పర్మనెంటు మనిషివి. నీ పేరొస్తే విచారణ, కమిటీ, పేపరు వాళ్ళు. గుడ్లు పెట్టించిన మనిషే చంపిందని రాస్తారు. నీకొచ్చిన మంచిపేరు మన జూకి కూడా వచ్చింది కదా. అతనంటావా, టెంపరరీ. ఈసారి కాకపోతే వచ్చేసారి జాబితాలో చూద్దాం. ఎవరికీ పెద్ద నష్టం లేదు." అతని గొంతులో కోపం లేదు, నిజంగా మేలు చేస్తున్నాననే అనుకుంటున్నాడు. "ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకో. రేపు బయటి నుంచి పన్నెండు మంది కీపర్లు వస్తున్నారు, నీ దగ్గర నేర్చుకోవడానికి."

కప్పలక్క లేచి నిలబడింది. సరే సార్ అంది. మెట్లు దిగుతుంటే తన మీద తనకే రోత పుట్టింది. చెప్పేశాను, నా బాధ్యత తీరింది, ఇక వాళ్ళ ఇష్టం అన్న ఊరట ఒకటి లోపల ఎక్కడో తల ఎత్తింది. అది అబద్ధం కంటే అసహ్యంగా ఉంది. దారిలో పక్షుల బోనుల దగ్గర ట్యాంకు వంగి రెట్టలు గీకుతున్నాడు. ఆమెని చూసి లేచి నిలబడి, చీపురు వెనక్కి పెట్టుకున్నాడు. ఆమె వేరే దారిన వెళ్ళింది.

*

శుక్రవారం పొద్దున పన్నెండు మందీ బల్ల చుట్టూ నిలబడ్డారు. డాక్టరమ్మ పరిచయం చేసింది. బల్ల మీద ఒక తాబేలు, సంచిలో ఒక బల్లి, పాముల్ని దూర్చి పట్టుకునే పొడుగాటి ప్లాస్టిక్ గొట్టాలు, కొక్కెం కర్రలు. కప్పలక్క తాబేలుతో మొదలుపెట్టింది. రెండు చేతులతో పట్టుకోవాలి, నేలకి దగ్గరగా ఎత్తాలి, జారితే చిప్ప పగులుతుంది. బల్లిని తోక పట్టి ఎత్తకూడదు, తోక వదిలేసి వెళ్తుంది, మన సిగ్గు మన చేతిలో మిగులుతుంది. వాళ్ళు నవ్వారు. ఇది ఆమె ఎప్పుడూ చెప్పే మాటే.

"కప్పలు ఎలా అక్కా?" అడిగింది ముందు వరసలో ఒక అమ్మాయి, పుస్తకంలో రాసుకుంటూ. "మేం కడిగిన చేతులతోనే పట్టుకుంటాం. సరిపోతుందా?"

హాలు చివర ట్యాంకు రెండు నీళ్ళ బకెట్లు తెచ్చి దించుతున్నాడు. తాబేళ్ళ తొట్టి కోసం పురమాయించినట్టున్నారు. కప్పలక్క అతన్ని చూసింది. అతను పని మీద ఉన్నాడు.

"నేనూ సరిపోతుందనుకున్నాను," అంది ఆమె. "మొన్న సోమవారం నా చేతులకి నొప్పుల మందు ఉంది. కడిగాను. పోలేదు. గ్లౌజులు తొడుక్కోలేదు. నాలుగు కప్పలు చచ్చిపోయాయి. నేను ముందుగా పట్టుకున్న నాలుగే, రిజిస్టరులో ఉంది. డాక్టరమ్మ అడిగితే గ్లౌజులు వేసుకున్నానని అబద్ధం చెప్పాను. నీళ్ళు పట్టిన మనిషి మీదకి నెట్టాను."

పెన్నులు ఆగిపోయాయి. డాక్టరమ్మ ఆశ్చర్యపోయినట్టు కనిపించలేదు. చేతులు కట్టుకుని నేల చూస్తూ నిలబడింది.

ట్యాంకు బకెట్టు వదిలేసి నడుచుకుంటూ బల్ల దాకా వచ్చాడు. జనం పక్కకి జరిగారు. అతని మొహంలో కోపం కోసం వెతికింది కప్పలక్క. అది ఉంటే బాగుండుననుకుంది.

"ఆదివారం నేను నీళ్ళు పట్టడం చూశావా?" అన్నాడు.

"చూశాను."

"మూత పెట్టమని అరిచింది నువ్వేనా?"

"నేనే."

"ఆ మాట నాకు వినిపిస్తూనే ఉంది అక్కా. నాలుగు రోజుల నుంచి వినిపిస్తోంది. అది కూడా నేనే కల్పించుకున్నానేమో అనుకున్నాను." అతను తడి చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. "నిన్న మా ఆవిడ ఆసుపత్రికి తీసుకెళ్ళింది నన్ను. మతిమరుపు రోగమేమో చూపిద్దామని."

వెనక్కి వెళ్ళి బకెట్లు ఎత్తుకుని, తొట్టి దాకా మోసుకెళ్ళి, ఒలకకుండా పోశాడు. కప్పలక్కకి ఏడుపు వచ్చింది గాని ఏడవడానికి తనకి హక్కులేదనిపించి, బల్లి సంచి మూతి విప్పింది. పాఠం పూర్తి చేసింది.

*

పన్నెండు మంది విన్న మాటని ఆఫీసరు గారు దాచలేకపోయాడు. పైగా డాక్టరమ్మ బుధవారం సాయంత్రమే రిజిస్టరు చూసి వరస పట్టుకుందట. శుక్రవారం దాకా ఆగుదామనుకుందట, కప్పలక్కే చెబుతుందేమో అని. అది తెలిశాక కప్పలక్క రెండు రోజులు డాక్టరమ్మ ఎదురు పడకుండా తిరిగింది. రిపోర్టు మార్చారు. ట్యాంకు తన పనిలోకి వచ్చాడు, జాబితాలో అతని పేరు ఉంచారు. కప్పలక్క మీద విచారణ వేశారు. అది తేలేదాకా ఏ ప్రాణినీ ముట్టుకోకూడదని రాశారు.

మిగిలిన అయిదింటినీ వారం వారం తూచాలి. ఆ జాతిని పట్టుకోవడం ఆమెకి తప్ప ఇంకెవరికీ రాదు. డాక్టరమ్మ ఆలోచించి ట్యాంకు పేరు రాసింది. అతను రోజూ వాటి నీళ్ళు మార్చే మనిషి, అతని నీడ వాటికి అలవాటు.

సోమవారం ఎనిమిదింటికి అతను గదిలోపల, ఆమె తలుపు అద్దం ఇవతల. సరిపోయే సైజు గ్లౌజులు తెప్పించారు. అతను వాటిని నిలవుంచిన నీళ్ళలో ముంచి, వేళ్ళ మధ్య నీరు కారేదాకా ఆగాడు.

"ఎలా పట్టుకోవాలో చెప్పండి," అన్నాడు.

అండి. తొమ్మిదేళ్ళలో అతను ఆమెని మీరు అన్నది అదే మొదటిసారి.

"వెనక నుంచి రా. రండి. గిన్నెలా బోర్లించండి. నడుం దగ్గర రెండు వేళ్ళు. లాగొద్దు, దాన్నే ఎక్కనివ్వండి."

అతని చెయ్యి నెమ్మదిగా దిగింది. మొదటిసారి కప్ప గెంతి తప్పించుకుంది. రెండోసారీ అంతే. ఆమె కాళ్ళు వాటంతటవే ఒక అడుగు ముందుకేశాయి, నుదురు అద్దానికి తగిలింది.

"తొందర లేదు," అంది. "చెయ్యి అక్కడే ఉంచండి. కదలొద్దు. అదే వస్తుంది."

అతను కదలలేదు. చాలాసేపటికి కప్ప ఒక కాలు ముందుకు పెట్టి, తడి గ్లౌజు మీదకి ఎక్కి కూర్చుంది. ట్యాంకు ఊపిరి బిగబట్టి దాన్ని డబ్బాలోకి దించి, మూత వేసి, తూచి, అంకె చదివాడు. అద్దంలోంచి అతని గొంతు మందంగా వినిపించింది. పోయిన వారం కంటే తగ్గలేదు.

"తరవాతది," అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

రాయడానికి పెన్ను అందుకోబోతే గాని కప్పలక్కకి తెలియలేదు, ఇంతసేపూ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడి ఉందని.